మిగిలిన రొట్టె

కాలిన వాసన ముందుగా పోలమ్మ ముక్కుకే తగిలింది.

"ఒలే రత్నం, ఏటే ఆ కంపు? ఇడ్లీ ఆవిరి మీద ఉడికేది, మాడదు గదే!"

జ్ఞానరత్నం కూడా అటూ ఇటూ చూసింది. నిమ్‌పురా యార్డు గేటుకి ఎదురుగా ఉంటుంది పోలమ్మ ఇడ్లీ బండి. పొద్దుటి డ్యూటీ జనం పలచబడ్డాక రత్నం రోజూ వచ్చి, నాలుగు ప్లేట్లు కడిగిపెట్టి, ఓ గ్లాసు టీ తాగి పోతుంది. పోలమ్మది అమ్మవారి కొలువు, రత్నానిది చర్చి. అయినా ఇద్దరివీ శ్రీకాకుళం పక్కనుంచి రైలు పనికి ఈ బెంగాలీల ఊరికి వలస వచ్చిన కుటుంబాలే. ఒకే వీధి క్వార్టర్లలో పెరిగారు, ఒకే ఏడు తాళి కట్టించుకున్నారు.

"ఓలమ్మో, సెయ్యి తియ్యే! కాలిపోతాంది!"

అప్పుడు చూసుకుంది రత్నం. తన కుడిచేతి చిటికెన వేలు స్టవ్వు కమ్మీకి ఆనుకుని ఉంది. గబుక్కున తీసింది. తోలు తెల్లగా ఉబ్బి, అంచున నల్లగా కమిలింది. మంట లేదు. నొప్పి లేదు. ఇంకెవరి వేలో తెచ్చి తన చేతికి అతికించినట్టు ఉంది.

పోలమ్మ మగ్గుతో నీళ్ళు గుమ్మరిస్తూ తిట్టిపోసింది. "ప్రార్థనలు సేసి సేసి ఒంటిమీద తెలివే పోయిందే నీకు. మీ దేవుడు సేతులిచ్చింది కాల్చుకోడానికేటి?" అని నవ్వబోయి, రత్నం మొహం చూసి ఆగిపోయింది.

ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. మోచేతి కింద, జాకెట్టు అంచున రత్నానికి ఎన్నాళ్ళనుంచో ఒక పాలిపోయిన మచ్చ ఉంది. తామర అనుకుంది. కొబ్బరినూనె రాసింది, వేపాకు నూరి పట్టించింది. ఇప్పుడు ఆ మచ్చా ఈ వేలూ కలిసి ఒకటే మాట చెబుతున్నాయి. ఆ మాట ఆమె చిన్నతనంలోనే వింది.

మేనత్తకి వచ్చింది ఆ జబ్బు. అప్పుడు రత్నం లంగాలు కట్టే పిల్ల. అత్తకి ఒక సత్తుపళ్ళెం, ఒక గ్లాసు వేరే పెట్టారు. పెరటి అరుగు దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. ఒకరోజు చర్చి సంఘం పెద్దలంతా వచ్చారు. లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ప్రార్థన చేశారు, పాట పాడారు. మర్నాడు రిక్షా వచ్చి అత్తని ఎక్కడో దూరాన ఉన్న రోగుల ఆశ్రమానికి తీసుకుపోయింది. రత్నం నాన్న ఆమె చాప తగలబెట్టాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో అత్త పేరు ఎవరూ ఎత్తలేదు. ఎప్పుడు చనిపోయిందో కూడా తెలియదు.

"ఎవులకీ సెప్పకప్పా," అంది రత్నం.

పోలమ్మ ఆ పూట బండి కట్టేసి, ఆమెని ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ బెంగాలీ పిల్ల, చిన్నది. రత్నం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మోచేతి దగ్గర నరం తడిమి, పెన్ను మొనతో వేళ్ళు తాకి చూసింది. ఒక మనిషి తన చేతిని అలా పట్టుకుంటేనే రత్నానికి భయమేసింది. లాక్కోబోయింది.

"భయ్ పేయో నా, మాశీమా," భయపడకు పిన్నీ అంది డాక్టరమ్మ తన భాషలో, చెయ్యి వదలకుండా. ఆ తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పింది. కుష్ఠే. కానీ ఇప్పుడు దానికి మంచి మందుంది. ఏడాది పాటు మాత్రలు వాడాలి. మందు మొదలుపెట్టాక ఒకరికి అంటదు. వంట చెయ్యొచ్చు, కలిసి తినొచ్చు. ఒళ్ళు కాస్త నల్లబడుతుంది, ఆనక తగ్గిపోతుంది. మొద్దుబారిన వేళ్ళు మాత్రం జాగ్రత్త, నిప్పు దగ్గర గుడ్డ పెట్టి పట్టుకో.

"ఇన్నావా? ఏటీ కాదంట," అంది పోలమ్మ తిరిగొస్తూ. "ఇంక ఏడుపెందుకే?"

"నా జబ్బుకి కాదప్పా నా ఏడుపు," అంది రత్నం. "నా గదికి."

రత్నానికి పిల్లలు లేరు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మొగుడు పోయాక క్వార్టరు ఖాళీ చేయమన్నారు. అప్పుడు సంఘం పెద్దలే జాలిపడి చర్చి వెనకున్న గది ఇచ్చారు. ఊడ్చడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం, నెలకోసారి ప్రభువు గుర్తుగా సంఘమంతా పంచుకు తినే ప్రభుబల్ల రొట్టె కాల్చడం ఆమె పని. ఆ గది గోడకి ఒకవైపు ఆమె మంచం, రెండోవైపు చర్చి బలిపీఠం. ఆ గది పోతే తలదాచుకోవడానికి ఇంకో గోడ లేదు. జబ్బు సంగతి బయటపడితే గదీ పోతుంది, బల్లా పోతుంది. అత్తకి అన్నీ పోయాయి కదా.

ఆ రోజునుంచీ భయం ఆమెతో కాపురం పెట్టింది. పొద్దున్నే మాత్ర వేసుకోవడం భయం, అది బియ్యం డబ్బాలో దాచడం భయం. డాక్టరమ్మ చెప్పినట్టే ఒళ్ళు నల్లబడసాగింది. ముందు బుగ్గలు, తర్వాత నుదురు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటారు. రత్నం దూరంనుంచే రెండు చేతులూ జోడించి తప్పుకునేది.

"ఏటమ్మా, ఇలగ నల్లబడిపోయినావు?" అని అడిగింది ఒకసారి వినీత. రైల్వే క్లర్కు పెళ్ళాం, చిన్నపిల్ల. ఆమె పురిటికి పుట్టింటివాళ్ళు రాలేకపోతే రత్నమే ఆస్పత్రిలో పక్కన కూర్చుంది. పుట్టిన బిడ్డని మొదట చేతుల్లోకి తీసుకున్నదీ రత్నమే.

"ఎండమ్మా, ఎండ," అంది రత్నం, బిడ్డ తనవైపు చేతులు చాస్తుంటే వెనక్కి జరిగి. బిడ్డ ఏడ్చింది. రత్నం గదిలోకి పోయి తలుపేసుకుని తనూ ఏడ్చింది.

రొట్టె పని మానేద్దామనుకుంది. మానేస్తే ఎందుకని అడుగుతారు. అంటదని డాక్టరమ్మ చెప్పింది కదా అని మనసుకి నచ్చజెప్పుకుంది. కానీ అంటకపోవడం వేరు, జనం నమ్మడం వేరు.

ఆ సంఘంలో రొట్టెకి ఒక ఆనవాయితీ ఉంది. పట్టాల మీద గ్యాంగు పని చేసిన తొలినాటి తెలుగువాళ్ళు పెట్టుకున్నది. బల్ల మీదకి ఒక్కటే రొట్టె రావాలి. దాన్ని కాల్చిన మనిషి అందరికంటే వెనక కూర్చోవాలి, అందరికంటే చివర తినాలి. ప్లేటులో ఎంత మిగిలితే అంతా ఆ మనిషే తినాలి. ప్లేటు ఖాళీ అయితేగానీ ద్రాక్షారసం గిన్నె ఎత్తరు. కరోనా రోజుల్లో గిన్నె మానేసి చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెచ్చారు గాని, ఆ భయం తగ్గాక మళ్ళీ పాత వెండిగిన్నే వచ్చింది. ఇన్నేళ్ళలో రత్నానికి ఎప్పుడూ చిన్న ముక్కే మిగిలేది. ఒక్కోసారి పొడి మాత్రమే. దాన్ని వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకునేది.

బల్ల ముందురోజు శనివారం సాయంత్రం ఆడవాళ్ళు చర్చి వంటగదిలో చేరి పాటలు పాడుతూ రొట్టె చేస్తారు. ఆ నెలా చేరారు. పిండి కలిపింది వినీత. దగ్గర నిలబడి తప్పులెంచుతున్నది ఎమిలీ టీచరమ్మ. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. బడిలో పని మానేసి ఏళ్ళయినా ఆమె గొంతు వింటే చర్చి కప్పు మీది పావురాలు కూడా సర్దుకుని కూర్చుంటాయని అంటారు.

"ఉప్పేటే అంత? మనం సేసేది రొట్టె, ఆవకాయి కాదు," అంటోంది ఎమిలీ.

రత్నం పెనం మీద రొట్టె వేసింది. ఫోర్కుతో దానిమీద సిలువ గుర్తు గుచ్చింది. ఒకవైపు కాలింది. పక్కనున్న పట్టకారు తీసుకుని రొట్టె తిరగేసింది.

పాట మధ్యలో ఎమిలీ గొంతు ఆగింది.

"ఇదేటి రత్నం? పట్టకారేటి?"

"పెనం వేడిగుందమ్మా."

"ఎప్పుడు సల్లగుంది? ఇరవయ్యేళ్ళ నుంచి సూస్తన్నాను. వేళ్ళతో తిప్పీదానివి. పట్టకారుతో తిప్పితే రొట్టె సిరుగుతాదని నన్నే తిట్టినావు ఒకపాలి."

పాట పూర్తిగా ఆగిపోయింది. ఎమిలీ దగ్గరికి వచ్చి ఆమె కుడిచెయ్యి పట్టుకుని దీపం వైపు తిప్పింది. వేలిమీద మానుతున్న పుండు. మోచేతి కింద మచ్చ. పైకెత్తి నల్లబడిన మొహం చూసింది.

"అటు తిరుగు. గోడవైపు," అంది. గొంతు మారిపోయింది. "ఇప్పుడు ఏ వేలు నొక్కతన్నానో సెప్పు."

రత్నం గోడకేసి చూసింది. గోడ మీద పోయిన ఏటి కాలెండరు గాలికి కదులుతోంది. చేతివైపునుంచి ఏ కబురూ రావడం లేదు. "ఉంగరం వేలు," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాను ఇంకా నొక్కనే లేదు," అంది ఎమిలీ. కాసేపాగి, "ఇప్పుడు నొక్కతన్నాను. సెప్పు."

ఎక్కడ నొక్కుతోందో, అసలు నొక్కుతోందో లేదో రత్నానికి తెలియలేదు.

ఎమిలీ ఆమె చెయ్యి వదిలింది. "మా బడికి ఆరోగ్యశాఖవాళ్ళు వచ్చి పిల్లలకి ఇలగే సూసీవారు," అంది ఎవరితోనూ కాకుండా. కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఒకసారి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆ నీళ్ళ చప్పుడు రత్నం చెవుల్లో రైలు పోయినట్టు మోగింది. వెనక్కి తిరిగి చూస్తే వినీత లేదు. మిగిలిన ఆడవాళ్ళూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు.

రొట్టె కాలింది. ఎమిలీ దాన్ని తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. తిట్టని ఎమిలీని చూడడం రత్నానికి అదే మొదటిసారి. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

నిమ్‌పురాలో కబురు ఇంజను కూతకంటే ముందు పోతుంది. ఆదివారం పొద్దున్నే పాస్టరు విల్‌ఫ్రెడ్, సంఘ పెద్ద టోని గది ముందుకొచ్చారు. విల్‌ఫ్రెడ్ వయసులో చిన్నవాడు, మంచి గొంతు. ప్రేమ గురించి అతను వాక్యం చెబితే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటారు. ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకున్న సంగతి పోయిన నెలలోనే చెప్పాడు. చెబుతూ చెబుతూ చెయ్యి చాపి గాలిలో ఎవరినో ముట్టుకున్నట్టు చూపించాడు. ఇప్పుడు ఆ చెయ్యి జేబులో ఉంది.

"వందనాలమ్మా," అన్నాడు గడప బయటనుంచి.

"లోపలికి రండయ్యా."

"పర్లేదమ్మా, పర్లేదు. ఇక్కడ గాలి బాగుంది." అతను నేల చూశాడు. "ప్రేమతోనే సెప్తన్నాం. మరోలాగ అనుకోకు."

టోని రిటైరయిన రైలు గార్డు. జెండా ఊపినట్టు తేల్చేస్తాడు ఏ సంగతైనా. "సిన్నపిల్లలున్నారమ్మా సంఘంలో. ఇందాక బేకరీ నుంచి రొట్టె తెచ్చినాను, అది పెడతాం. నువ్వు ఇయ్యాల బల్లకి సెయ్యి సాపకు. సాయంత్రం పెద్దలం కూసుంటాం. గది తాళం సంగతి అప్పుడు మాటాడుకుందాం."

"అంటదని డాక్టరమ్మ సెప్పిందయ్యా. మాత్రలు మింగతన్నాను. పోలమ్మప్పని అడగండి, నాతో వచ్చినాది."

"డాక్టర్లు సవాలక్ష సెప్తారు," అన్నాడు టోని.

"నాను ఎక్కడికి పోతానయ్యా?" అంది రత్నం. పాస్టరునే చూస్తూ అడిగింది.

విల్‌ఫ్రెడ్ కళ్ళెత్తలేదు. "ప్రార్థన సేద్దామమ్మా," అన్నాడు.

ఇద్దరూ గడప అవతలే నిలబడి కళ్ళు మూసుకున్నారు. రత్నం కళ్ళు మూసుకోలేదు. వాళ్ళ కాళ్ళనే చూసింది. చిన్నప్పుడు గేటు బయట నిలబడ్డ కాళ్ళు ఇవే. రిక్షా ఒక్కటే రావాలి ఇంక.

ప్రార్థన అయ్యాక టోని వెళ్తూ వెనక్కి తిరిగాడు. "గంట మాత్రం టయానికి కొట్టమ్మా."

రత్నం గంట కొట్టింది. తాడు అరిచేతిలో ఉన్నట్టు సగమే తెలిసింది. తర్వాత ఎప్పటిలా తాడు పక్కనున్న ఆఖరి బెంచీలో కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ముందుకి జరిగి కూర్చున్నారు. ఆమెకీ వాళ్ళకీ నడుమ బెంచీలు ఖాళీగా ఉండిపోయాయి. తలుపు బయట మెట్ల మీద పోలమ్మ వచ్చి కూర్చుంది. ఏ బల్లకీ రాని మనిషి ఆ రోజు బండి మానుకుని వచ్చింది.

పాటలు అయ్యాయి. వాక్యం అయింది, కానీ పాస్టరు ఏం చెప్పాడో అతనికే తెలిసినట్టు లేదు. బల్ల దగ్గరికి వచ్చి తెల్లగుడ్డ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

గుడ్డ కింద బేకరీ రొట్టె లేదు. ఫోర్కుతో సిలువ గుచ్చిన రొట్టె ఉంది.

చర్చి అంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. రత్నం రొట్టెనే చూసింది. తనే పెట్టిందనుకుంటారు. కావాలని పెట్టిందనుకుంటారు. లేచి, నేను కాదయ్యా అని అరుద్దామనుకుంది, బెంచీ అంచు పట్టుకుని ఉండిపోయింది. టోని మొహం ఎర్రబడింది. "ఇదెవులు పెట్టినారు?" అన్నాడు పైకే.

"నాను," అంది మొదటి బెంచీలోంచి ఎమిలీ. లేవలేదు, వెనక్కి తిరగలేదు. "మన సంఘంలో బేకరీ రొట్టె ఎప్పుడు పెట్టినారు? కానివ్వండయ్యా పాస్టరుగారూ. పిల్లలు ఆకలితో ఉన్నారు."

విల్‌ఫ్రెడ్ రొట్టె తీశాడు. విరిచాడు. ఆ చప్పుడు ఆఖరి బెంచీ దాకా వినిపించింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మింగేటప్పుడు గొంతు కదలడం రత్నం చూసింది.

ప్లేటు పట్టుకు తిరిగి బెంచీ బెంచీకీ అందించడం టోని పని. తిరిగాడు. తను మాత్రం తీసుకోలేదు. ఎమిలీ తీసుకున్న ముక్క పెద్దది. అందరికీ కనపడేటట్టు నమిలింది. ఆమె వెనక బెంచీలో ముసలివాళ్ళు కొందరు తీసుకున్నారు. ఆ తర్వాతి బెంచీ దగ్గర ప్లేటు ఆగకుండా జారిపోయింది. చేతినుంచి చేతికి, కొంగు అడ్డం పెట్టుకున్న చేతులకి. వినీత దగ్గరకొచ్చింది. వినీత బిడ్డ మొహాన్ని భుజానికి అదుముకుని, ప్లేటుని వేలికొసలతో పక్కకి నెట్టింది. ఆ బిడ్డ తల వెంట్రుకలు తొలిసారి తుడిచిన చేతులు రత్నం ఒడిలో ముడుచుకున్నాయి.

ఖాళీ బెంచీలు దాటి టోని వచ్చాడు. ప్లేటు చేతికివ్వలేదు. బెంచీ అంచున పెట్టి వెనక్కి వెళ్ళాడు.

రత్నం ప్లేటులోకి చూసింది. సగానికి పైనే ఉంది రొట్టె.

చిన్న ముక్క కోసం, పొడి కోసం అలవాటు పడిన కళ్ళకి ఆ రొట్టె కొండలా కనిపించింది. బల్లకి చెయ్యి చాపొద్దన్నారు. చాపకపోతే ప్లేటు ఖాళీ కాదు. ప్లేటు ఖాళీ కాకపోతే గిన్నె ఎత్తరు, దీవెన ఇవ్వరు, ఇళ్ళకి పంపరు. టోని కూడా ఆ సంగతి మర్చిపోయాడు, ఇప్పుడు గుర్తొచ్చి మెడ రుద్దుకుంటున్నాడు. అందరూ ముందుకే చూస్తున్నారు. ఒక్కళ్ళూ కదలడం లేదు.

రత్నం ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. యార్డులో ఎక్కడో వ్యాగన్లు ఒకదానికొకటి ఢీకొని కొక్కేలు తగిలించుకుంటున్నాయి. పొడి రొట్టె గొంతులో ముద్దగా నిలిచింది. తినవలసినవాళ్ళు తినని రొట్టె అది, వాళ్ళందరి వంతూ తన మీద పడింది. మరో ముక్క పెట్టుకుంది.

చెప్పులు లేని అడుగులు వినిపించాయి. "జరుగు," అంది ఎమిలీ పక్కన కూర్చుంటూ. ప్లేటు తన ఒళ్ళోకి లాక్కుంది. "ఇంత రొట్టె నీ ఒక్కదానికేనేటి? ఎంత ఆశే నీకు." ముక్క తీసి నోట్లో వేసుకుంది.

ఇద్దరూ నమిలారు. ఆఖరు ముక్క రత్నానిది. ఆనవాయితీ ప్రకారం అది ఆమే తినాలి. తిన్నది, దిగలేదు. కొరపోయింది. దగ్గు మొదలై ఆగలేదు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. దగ్గు వినగానే ముందు బెంచీల్లో తల్లులు పిల్లల ముక్కులు మూశారు. మెట్ల మీదనుంచి పోలమ్మ "నీళ్ళియ్యండ్రా దానికి, మనుషులేనేటి మీరు?" అని అరిచింది.

నీళ్ళు ఎవరూ తేలేదు. బల్ల దగ్గరున్న తడి ఒక్కటే, వెండిగిన్నెలో ద్రాక్షారసం. విల్‌ఫ్రెడ్ గిన్నె వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఇంకా ఎవరూ తాగని గిన్నె అది. తీసుకుని మెట్టు దిగాడు. ఖాళీ బెంచీలు దాటాడు. పొద్దున గడప దాటని మనిషి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

రత్నం తల అడ్డంగా ఊపింది. "వద్దయ్యా," అంది దగ్గుల మధ్య. "నాను తాగితే ఇంకెవులూ తాగరు."

"తాగమ్మా," అన్నాడు అతను, ఆమెకి మాత్రమే వినిపించేటట్టు. "నాకు సెయ్యి వణుకుతాంది. ఒలికిపోద్ది. బేగి పట్టుకో."

నిజంగానే వణుకుతోంది. అతని తెల్ల అంగీ మీద అప్పటికే ఒక మరక పడింది. రత్నం గిన్నె పట్టుకుంది. మొద్దుబారిన వేళ్ళ పైన అతని వేళ్ళు పడ్డాయేమో, ఆమెకి స్పర్శ తెలియలేదు. కళ్ళతో చూసింది, పడ్డాయి. తాగింది. గొంతులో ముద్ద దిగింది.

గిన్నె అంచు తుడిచే గుడ్డ అతని భుజం మీదే ఉంది. దాన్ని తియ్యలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని తను ఒక గుక్క తాగాడు. గిన్నె పట్టుకుని బల్ల దగ్గరికి తిరిగి పోయి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. గిన్నె ముందుకి చాపాడు.

రత్నం తల దించేసుకుంది. చెవులతోనే విన్నది. ఒక బెంచీ కిర్రుమంది. ఎవరో గట్టిగా అడుగులు వేసుకుంటూ తలుపు దాటారు, అది టోని నడక. అతని వెనక ఇంకొన్ని అడుగులు. బయట చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు. "పొండి, పొండి, నా ఇడ్లీ తినడానికి మాత్రం రాకండి," అంటోంది పోలమ్మ. అటువైపు, బల్ల వైపు, మెత్తటి అడుగులు కొన్ని నడిచాయి. ఒక్కొక్కటే, తడబడుతూ. వాటి మధ్య ఒక చంటిబిడ్డ కేరిన చప్పుడు కూడా ఉంది. అది బల్ల వైపు పోయిందో తలుపు వైపు పోయిందో చూడ్డానికి తల ఎత్తుదామనుకుంది రత్నం. ఎత్తలేకపోయింది.

మధ్యాహ్నం గదికి వచ్చి మూట కట్టుకుంది. రెండు చీరలు, మొగుడి ఫోటో, మాత్రల పెట్టె. తాళంచెవి గడప మీద పెట్టి, తలుపు తీసి కూర్చుంది. పోలమ్మ పక్కనే చతికిలబడింది.

"నా ఇంటికి రాయే. ఇరుకే అనుకో. నా కోడలు సణుగుద్ది, నువ్వు పాటలు పాడు, అది సెవులు మూసుకుంటాది."

"నీకు భయం లేదేటప్పా?"

"ఎందుకుండదు? డాక్టరమ్మని మూడుసార్లు అడిగినాను, నువ్వు బయటికెళ్ళినప్పుడు," అంది పోలమ్మ.

పొద్దు వాలింది. అడుగుల చప్పుడైన ప్రతిసారీ రత్నం తాళంచెవి వైపు చూసింది. చివరికి ఎమిలీ వచ్చింది. చేతిలో కాలిన పుండ్లకి రాసే మందు ట్యూబు, ఒక జత మందపాటి గుడ్డ చేతితొడుగులు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటి వచ్చి, మంచం చివర కూర్చుంది.

"టోని పెద్దరికం వదులుకున్నాడు. ఏరే సంఘానికి పోతాడంట, పదిళ్ళని వెంటేసుకుని. మిగిలినవాళ్ళలో సగం నిన్ను ఉంచమన్నారు, సగం గునుస్తన్నారు. పాస్టరు నోరిప్పినాడు సివరికి. వచ్చే నెల బల్ల దాకా నువ్వు ఇక్కడే. ఈలోగా ఆ డాక్టరమ్మని చర్చికి పిలుస్తాం, ఆవిడే సెప్తాది అందరికీ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకెరికలేదు," అంది ఎమిలీ. కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "నిన్న నీ సెయ్యి పట్టుకున్నాక ఎన్నిసార్లు కడుక్కున్నానో నీకు తెల్దు. పొద్దున ఆ రొట్టె నమిలీటప్పుడు ఉమ్మీదామనిపించింది. ఇప్పుడూ నీ మంచం మీద కూసున్నానని భయంగానే ఉంది. ఈ భయం పోయాక తిందామనుకుంటే, ఈ జన్మకి తినలేను రత్నం."

పోలమ్మ అందుకుంది. "మరి బేకరీ రొట్టె ఏటి సేసినావు టీచరమ్మా?"

"కాకులకేసినాను."

"నాను మెట్ల మీదే ఉన్నాను గదా! కాకులకంటే లోకువేటి?"

ఎమిలీ నవ్వింది. తొడుగులు రత్నం ఒళ్ళో పడేసి, "వచ్చే నెలకి ఇవి ఏసుకో. పట్టకారుతో తిప్పితే రొట్టె సిరుగుతాది," అని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రార్థన వేళయింది. రత్నం మూట విప్పలేదు. అలాగే గోడవారన పెట్టి, కొంగు సర్దుకుని, గంట దగ్గరికి వెళ్ళింది. తొడుగులు వేసుకుని తాడు పట్టుకుంది. పొద్దున వచ్చినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వస్తారో తెలియదు. ఎవరూ రాకపోవచ్చు. అయినా తాడు లాగింది.

మొదటి దెబ్బకి యార్డు వైపునుంచి ఒక ఇంజను కూత వేసింది. రత్నం గేటు వైపు చూస్తూ రెండోసారి లాగింది.